మంత్రిగారు చెప్పని ఆరో మాట

టీవీలో మంత్రిగారు మాట్లాడుతుంటే కింద ఒక మూలన చిన్న గడిలో ఒకావిడ చేతులు తిప్పుతూ కనిపిస్తుంది చూడండి, ఆవిడ కథ ఇది. గడి మూలన ఉంటుంది కాబట్టి టీవీ ఆఫీసులో కెమెరామన్ ఆవిడకి మూలమ్మ అని పేరు పెట్టాడు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత ఎంత అలవాటైపోయిందంటే, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని పక్కకి తప్పుకునేది.

వాళ్ళమ్మకి పుట్టుకతోనే చెవులు వినపడవు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత కట్టిన పెద్దమనిషెవరో గానీ, ఈ అమ్మని చూసి ఉండడు. శంఖం ఊదేవాడి బుగ్గలు చూసి, వాడు ఇంట్లో పోట్లాడి వచ్చాడో లేదో చెప్పెయ్యగల మనిషి. మూలమ్మకి మాటలకంటే ముందు సైగలే వచ్చాయి. రాత్రి ఆకలేస్తే ఏడ్చి లాభం లేదని, అమ్మ భుజం మీద తట్టడం పసితనంలోనే నేర్చుకుంది.

సైగల్లో మనుషుల పేర్లు వేరు. మనిషిలో ఏది కొట్టొచ్చినట్టు కనపడితే అదే పేరు. ఆరోగ్యశాఖ మంత్రిగారి పేరు, మణికట్టు మీద వేలితో రెండుసార్లు తట్టడం. ఎవరు ఏం చెప్పుకుంటున్నా ఆయన చూపు చేతి గడియారం మీదే ఉంటుంది మరి. ఆ పేరు సంగతి ఊళ్ళో వినపడనివాళ్ళందరికీ తెలుసు, ఆయనకి తప్ప.

కొత్త సంవత్సరం రేపనగా మంత్రిగారు ఏటా టీవీలో మాట్లాడతారు. వచ్చే ఏడాది తన ఆశలేమిటో, ఏ పనులు ముందు చేపడతారో చెబుతారు. ఆ ప్రసంగం ముందే మూలమ్మకి పంపిస్తారు, ఆవిడ అద్దం ముందు నిలబడి సాధన చేసుకుంటుంది. ఈసారి అందులో ఆరు సంగతులున్నాయి. ఊరూరా డాక్టర్లు, శుభ్రమైన మంచినీళ్ళు, అంబులెన్సులు, అలా ఐదూ ఎప్పుడూ వినేవే. ఆరోది చదివి మూలమ్మ మంచం మీద కూలబడింది. ఆసుపత్రుల్లో సైగల భాష తెలిసినవాళ్ళని ఉద్యోగాల్లో పెడతారట.

దాని విలువ మూలమ్మకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఆవిడ బళ్ళో చదువుకునే రోజుల్లో వాళ్ళ నాన్న ఆసుపత్రిలో పోయాడు. డాక్టరు బయటికొచ్చి, అమ్మని చూసి, ఏం చెయ్యాలో తెలియక, "మీ అమ్మకి నువ్వే చెప్పమ్మా" అన్నాడు. చెప్పింది. ఇప్పటికీ టీవీలో ఎవరిదైనా చావు కబురు చెప్పాల్సి వస్తే ఆవిడ వేళ్ళు చల్లబడిపోతాయి. ఇంకో పిల్ల నెత్తిన ఆ బరువు పడకూడదన్నదే ఆవిడ కోరిక. అందుకే ఆరోదాన్ని గిన్నెలు తోముతూ, బస్సు కోసం నిలబడి, మెట్లెక్కుతూ సాధన చేసుకుంటూనే ఉంది.

అనుకున్నదొకటి, అయిందొకటి. కార్లో వస్తూ పీఏ, "సార్, టైము చాలదు, ఆఖరిది వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. మంత్రిగారు గడియారం చూసుకుని సరేనన్నారు. ఆ సంగతి అందరికీ చెప్పారు గానీ, మూలనున్న మనిషిని ఎవరు తలుచుకుంటారు?

మంత్రిగారు ఐదోది ముగించారు. ముగించగానే దగ్గొచ్చింది. నీళ్ళు తాగారు, మళ్ళీ దగ్గారు, మళ్ళీ తాగారు. మూలమ్మ చేతులకి ఆగడం తెలియదు. ఐదు తర్వాత ఆరు అన్న అలవాటుతో, ఆయన గ్లాసు కింద పెట్టేలోపు ఆరోది పూర్తిగా చెప్పేశాయి. అప్పుడు చెవిలో వినపడింది, "ప్రజలందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు" అని.

మంత్రిగారు ఆరోది చెప్పనేలేదని మూలమ్మకి అప్పుడర్థమైంది. ఇందాక చెప్పింది తప్పు అని చెప్పడానికి ఒక సైగ ఉంది. చిన్నదే, రెప్పపాటు చాలు. ఆవిడ ఆ సైగ చెయ్యలేదు. మొదటిది పొరపాటేగానీ, ఇది మాత్రం పొరపాటు కాదు.

లైట్లు ఆర్పాక కెమెరామన్ అడిగాడు. "ఆయన దగ్గుతుంటే అంతసేపు ఏం చెప్పావక్కా?"

"దగ్గు గురించే" అంది మూలమ్మ. "ఆరోగ్యశాఖ మంత్రి కదా, ఆమాత్రం చెప్పకపోతే ఎలా?"

ఇంటికెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు, మొహంనిండా నవ్వు. తనలాగే వినపడని స్నేహితులంతా వీడియో ఫోన్లలో ఒకటే సందడి. రేపు పొద్దున్నే పూలు పట్టుకుని మంత్రిగారికి కృతజ్ఞతలు చెప్పడానికి వెళతారట, కూతురు కూడా రావాలట. అసలు సంగతి చెప్పేద్దామని మూలమ్మ చేతులెత్తింది. అమ్మ ఆనందం చూసి మళ్ళీ దించేసింది.

మర్నాడు మంత్రిగారి గది నిండిపోయింది. చప్పట్లకి బదులు అందరూ చేతులు పైకెత్తి వేళ్ళు ఆడించారు. మంత్రిగారు పూలగుత్తి పట్టుకుని అయోమయంగా నవ్వారు. "ఏమంటున్నారమ్మా వీళ్ళు?"

"ఆసుపత్రుల్లో సైగల భాష వాళ్ళని పెడతామన్నందుకు చాలా సంతోషం అంటున్నారు సార్."

"నేనెప్పుడన్నాను?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మూలమ్మ నోటితోనూ చేతులతోనూ ఒకేసారి చెప్పింది. "మీరు అనలేదు సార్. నేనే అన్నాను. పొరపాటున మొదలైంది, తెలిశాక కూడా దిద్దలేదు."

పైకెత్తిన చేతులన్నీ దిగిపోయాయి. పీఏ మొహం కందగడ్డయింది. "సార్, ఇప్పుడే ఖండన ఇచ్చేద్దాం!" మంత్రిగారు గడియారం చూసుకున్నారు. అంత దిగులులోనూ వెనకనుంచి కిసుక్కున నవ్వులు వినిపించాయి. ఎందుకని ఆయన అడగనే అడిగారు. ఎలాగూ పోయే ఉద్యోగమే కదా అని మూలమ్మ ఆయన పేరేమిటో చేసి చూపించింది. ఆయన ఒక్క క్షణం బిక్కమొహం వేసి, తర్వాత పగలబడి నవ్వారు.

అప్పుడు అమ్మ ముందుకొచ్చి చేతులెత్తింది. ఈ వృత్తిలో ఒక కట్టుబాటుంది. ఎవరి మాట చెబుతుంటే వాళ్ళే అయిపోవాలి. 'ఆవిడ అంటోంది' అనకూడదు, 'నేను' అనే చెప్పాలి. అందుకని మూలమ్మ నోటివెంట ఈ మాటలు వచ్చాయి.

"నా భర్త పోయాడని డాక్టరు నాకు చెప్పలేదు. నా కూతురు చెప్పింది. చిన్నపిల్ల. చెప్పి, నా కళ్ళు తుడిచింది. వచ్చిన ప్రతివాళ్ళతోనూ దాని చేతే మాట్లాడించాను. దాన్ని దగ్గరికి తీసుకున్నవాళ్ళు లేరు. నేనూ తీసుకోలేదు. దానికి కూడా నాన్న పోయాడని నాకు చాలా రోజులకిగానీ తట్టలేదు."

ఇన్నేళ్ళలో అమ్మ ఆ ఆఖరి మాట మూలమ్మతో ఎప్పుడూ అనలేదు.

మంత్రిగారు పూలగుత్తి బల్లమీద పెట్టారు. గడియారం జోలికి పోలేదు. "చెప్పింది నేను కాదు. కానీ నా పేరుమీద వెళ్ళింది. పెద్దాసుపత్రితో మొదలుపెడదాం" అని, మూలమ్మ వైపు తిరిగారు. "మీరు చేసింది మాత్రం తప్పేనమ్మా. ఇంకోసారి జరిగితే ఊరుకోను."

"జరగదు సార్."

"వచ్చే ఏడాది అన్నీ చెప్పాకే దగ్గుతాలెండి."

ఎండాకాలంలో అమ్మకి కంట్లో పొర తీయాల్సివచ్చి పెద్దాసుపత్రికి వెళ్ళారు. అలవాటుకొద్దీ మూలమ్మ డాక్టరుకీ అమ్మకీ మధ్య నిలబడబోయింది. మెళ్ళో గుర్తింపుకార్డు వేసుకున్న ఒకమ్మాయి వచ్చి, "మీరు కూర్చోండక్కా, నేను చెబుతాను" అంది. డాక్టరు అమ్మవైపే చూసి మాట్లాడాడు. ఆ అమ్మాయి చేతులు ఆ మాటలన్నీ అమ్మకి అందించాయి. మూలమ్మ ఏమీ తోచక పక్క కుర్చీలో కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. ఆసుపత్రిలో అవి ఖాళీగా ఉండటం అదే మొదటిసారి.

అమ్మ ఆ అమ్మాయి మీదనుంచి చూపు తిప్పకుండానే పక్కకి చెయ్యి చాచింది. కూతురి చెయ్యి ఒకటి తీసుకుని, తన ఒళ్ళో పెట్టుకుంది.