బావ పెట్టని బిళ్ళలు

ఆ ఆటలో గెలవడం కంటే లెక్క రాయడమే నాకు ఎక్కువ ఇష్టమైంది. చిన్నప్పటి నుంచీ నాకు ఆ పిచ్చి ఉంది. ఎవరికెంత వచ్చింది, ఎవరు వెనకబడ్డారు అని గీతలు గీసి రాస్తుంటే కడుపు నిండినట్టుంటుంది. అలాంటిదాని చేతికి దొరికింది ఆ ఆట పెట్టె. అది తెచ్చింది బావ కోసం. నేను దాన్ని నాది చేసుకున్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పాలంటే నాకు నోరు రాదు.

బావ అంటే మా అక్క మొగుడు. తిరుత్తణి బజారులో ఎరువుల అంగడి నడిపిన మనిషి. పోయిన కార్తీకం వానల్లో ఆయనకు స్ట్రోక్ వచ్చింది. మాట తొందరగానే తిరిగొచ్చింది. కాలు ఈడుస్తూనైనా నడుస్తున్నాడు. కుడి చెయ్యి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. వేళ్ళు కదులుతాయి గానీ కలవవు. బొటనవేలు వచ్చి చూపుడువేలును తాకాలి గదా, అది తాకదు. చొక్కా గుండీలు అక్క పెడితే ఊరుకునేవాడు. అన్నం కలిపి ముద్ద ఎత్తుకోలేకపోవడమే ఆయన్ను కుంగదీసింది. అక్క తినిపిస్తే తినేవాడు, అదీ తలుపు దగ్గరగా వేసి. ఎడమచేతికి స్పూను ఇస్తే రెండుసార్లు తిని పక్కన పెట్టేశాడు. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు పోవడం మానేశాడు.

ఇంటికొచ్చి చెయ్యి ఆడించే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. చిన్న చిన్న వస్తువులు ఎత్తి పెట్టించండి, వాటిని పట్టుకునే తీరూ ముద్ద పట్టుకునే తీరూ ఒకటే అంది. అక్క చింతగింజలు తెచ్చి ముందర పోసింది. బావకు కోపమొచ్చింది.

"నన్నేమన్నా బాలవాడిలో చేర్పిస్తా ఉండారా?" అన్నాడు.

అప్పుడు మింజూరులో ఉండే అక్క కూతురు ఈ ఆట తెచ్చింది. ఆటైతే నామోషీ ఉండదని దాని ఆలోచన. దానికి ఇంకో ఆశ కూడా ఉంది. ఎండలు ముదరకముందే తన కొడుక్కి తిరుత్తణి కొండమీది గుళ్ళో చెవులు కుట్టించి, కింద సత్రంలో భోజనాలు పెట్టాలని. ఆ రోజు తాత మొదటి బంతిలో కూర్చుని తన చేత్తో తినాలని. ఇంటిల్లిపాదికీ అదే ఆశ. నాకూ అదే ఆశ అనే అనుకున్నాను.

పెట్టెలో సంచి నిండా చెక్క బిళ్ళలు. ఒక్కోదాని మీద ఒక బొమ్మ, ఒక రంగు. చేప, ఆకు, గొడుగు, గంట, పువ్వు, నెలవంక. ఒక్కో బొమ్మ ఆరు రంగుల్లో ఉంటుంది. వరసలో పెట్టేవన్నీ ఒకే రంగువై వేరువేరు బొమ్మలన్నా కావాలి, ఒకే బొమ్మ వేరువేరు రంగుల్లోనన్నా ఉండాలి. ఒకే బిళ్ళ రెండుసార్లు ఒక వరసలో రాకూడదు. ఎలా ఆడాలో చెప్పే కాగితం చీమల బారులాంటి ఇంగ్లీషులో ఉంది. నేను అద్దాలు పెట్టుకొని చదివి, సగం తెలుగులో సగం తమిళంలో అక్కకు వివరించాను. అక్క అంతా విని, "ముగ్గు వేసినట్టు పెట్టుకుంటా పోవాల, అంతే గదా?" అంది. అంతే. నేను అరగంట చెప్పింది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

చిక్కంతా లెక్క దగ్గరే. బిళ్ళ పెట్టినప్పుడు ఆ వరసలో ఎన్నుంటే అన్ని పాయింట్లు. ఆరూ నిండితే ఇంకో ఆరు కలుస్తాయి. మొదటి ఆదివారం నేను ఆకుపచ్చ చేప పెట్టి, నాలుగు అని రాసుకోబోతుంటే బావ గడ్డంతో చూపించాడు.

"అడ్డం సూసినావు, నిలువు సూడలా. ఆ బిళ్ళ రెండు వరసల్లో ఉండాది పాపా. రెండూ లెక్కే."

కాగితం తీసి చూశాను. నిజమే. ఆ ముక్క నేను దాటేసి చదివాను. బావ ఏమీ చదవలేదు, ఊరికే చూసి పట్టేశాడు. ఆయన బుర్ర చెక్కుచెదరలేదని అక్క కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం లోపల కొంచెం మండింది. లెక్క నా సొత్తు గదా.

నేనుండేది తిరువళ్ళూరులో. ఆఫీసు సెలవు కాబట్టి ఆదివారం పొద్దున రైలెక్కి పోవడం, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆట, సాయంత్రం బండికి తిరిగి రావడం. ఆదివారం సాయంత్రం కొండ దిగి వచ్చే జనంతో స్టేషను కిటకిటలాడుతుంది. కొంచెం ముందు పోతే కిటికీ సీటు దొరుకుతుంది, ఆలస్యమైతే నిలబడాలి. నా తొందరంతా ఆ సీటు కోసమే. ఇంకే గొప్ప కారణమూ లేదు.

బావ ఒక బిళ్ళ ఎత్తడానికి పట్టే సేపట్లో అక్క కాఫీ కలిపి తెచ్చేది. వేళ్ళు బిళ్ళ మీదికి వస్తాయి, జారతాయి, మళ్ళీ వస్తాయి. నుదుటి మీద చెమట. బిళ్ళ లేచినట్టే లేచి మంచం కిందికి దొర్లిపోతుంది. నేను గడియారం చూస్తాను. చూడకూడదనుకొనే చూస్తాను. ఒక ఆదివారం ఇక ఆగలేక అన్నాను.

"యాడ పెట్టాలో సెప్పు బావా, నేను పెడతా."

ఆయన నా వైపు చూసి, గడ్డంతో చోటు చూపించాడు. నేను పెట్టాను. అక్క వెంటనే అందుకుంది.

"ఆమా, అట్లే చెయ్యి. ఆయన్ని ఎందుకే సుమ్మా, ఊరికే కష్టపెట్టేది?"

మా ఇళ్ళలో పెద్దవాళ్ళ చేత పని చేయించకపోవడమే మర్యాద. బావ చెంబు కోసం చెయ్యి చాపితే, చెయ్యి సగం దూరం పోకముందే అక్క నీళ్ళు అందిస్తుంది. మా అమ్మా అంతే. బిడ్డలకు మేం నేర్పిందీ అదే. అందుకని ఆయన బిళ్ళలు నేను పెడుతుంటే ఆ ఇంట్లో ఎవరికీ తప్పనిపించలేదు. పైగా, బావను ఎంత బాగా చూసుకుంటుందో అని నాకు మంచిపేరు కూడా వచ్చింది. మర్యాద అని వాళ్ళనుకున్నారు. కిటికీ సీటు అని నాకు తెలుసు.

ఆట వేగం పెరిగింది. బావ గెలవడం మొదలుపెట్టాడు. మూల మీద బిళ్ళ పెట్టించి రెండు వరసల పాయింట్లూ కొట్టేసేవాడు. నేను వెనకబడ్డా లెక్క రాయడంలో సంతోషపడేదాన్ని. ఆట అయిపోగానే బల్ల మీది బిళ్ళలనూ లెక్క కాగితాన్నీ ఫోటో తీసి, 'బావ గెలిచినాడు' అని కుటుంబం గ్రూపులో పెట్టేదాన్ని. చేతులెత్తి దండం పెట్టే బొమ్మలు వచ్చిపడేవి. అక్క వాటిని ఒక్కొక్కటే బావకు చూపించేది. బిళ్ళలు ఎవరి చేత్తో పెట్టారని ఫోటోలో కనపడదు గదా.

అలా ఉండగా ఒకరోజు ఫిజియోథెరపీ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఆమెతో మాటలన్నీ నేనే చూసుకునేదాన్ని. అయ్యకు ఆట బాగా సాగుతోందని అక్క చెప్పిందట. ఆ అమ్మాయి తమిళంలో ఒక్కటే ప్రశ్న అడిగింది.

"అవరే ఎడుత్తు వెక్కిరారా?"

ఆయనే ఎత్తి పెడుతున్నారా అని. నేను ఆఫీసులో ఉన్నాను. ముందర ఫైళ్ళున్నాయి, పక్కన మనుషులున్నారు. కానీ ఇవేవీ సాకులు కావు. మొదట్లో కొన్ని ఆయనే పెట్టాడు గదా అని మనసు సర్దిచెప్పింది.

"ఆమామ్మా, అవరే దాన్" అన్నాను, అవునమ్మా ఆయనే అని.

చాలా సంతోషమమ్మా, అయితే ఇక నేను అంతగా రావలసిన పని లేదు, ఆట వదలకండి అంది. వేరే ఊళ్ళో ఇంకొక పేషెంటు ఆమె కోసం కాచుకొని ఉన్నారట. ఆమె రావడం వారంలో ఒకసారి అయింది, తర్వాత అదీ ఆగింది. వేళ్ళు వంచుతుంటే బావ నొప్పితో మూలగడం చూడలేని అక్క, పోనీలే అని ఊపిరి పీల్చుకుంది. నేను ఆదివారం ఆదివారం పోతూనే ఉన్నాను, బిళ్ళలు పెడుతూనే ఉన్నాను.

చెవులు కుట్టే రోజు వచ్చింది. కొండమీద పని ముగించుకొని కింద సత్రానికి దిగాం. బావ జరీ అంచు పంచె కట్టుకున్నాడు. బంతి దగ్గర కొంచెం తటపటాయిస్తుంటే నేనే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

"బిళ్ళలతో మమ్మల్నందరినీ ఓడించినోడివి, ముద్ద ఎత్తలేవా బావా?" అని వేళాకోళమాడాను. నా ఫోటోలు చూసి చూసి నేనే నమ్మేసినట్టున్నాను. ఆయన నవ్వి కూర్చున్నాడు.

ఎదురు వరసలో నా ఆకు. పప్పూ నెయ్యీ వేశారు. మాలో బంతిలో పెద్దవాళ్ళు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే మిగతావాళ్ళు చెయ్యి పెడతారు. ఆ బంతికి పెద్ద బావే. అందరి చేతులూ ఆకుల పక్కన ఆగి ఉన్నాయి. మింజూరు నుంచి వచ్చిన వియ్యాలవారు కూడా ఆయన వైపే చూస్తున్నారు.

బావ చెయ్యి అన్నంలోకి దిగింది. వేళ్ళు మెతుకుల్లో అటూ ఇటూ కదిలాయి. దగ్గరికి వచ్చినట్టే వచ్చి విడిపోయాయి. ఎత్తిన అన్నం మళ్ళీ ఆకులోనే పడింది. ఇంకోసారి. పప్పు మణికట్టు దాకా కారింది. వెనక నేతి గిన్నె పట్టుకొని అక్క కొయ్యబారిపోయింది. ఎవరో దగ్గారు. బావ తలెత్తి బంతినంతా ఒకసారి చూశాడు. మేమంతా తన కోసం ఆగి ఉన్నామని చూశాడు. ఆ ఖాళీ వేళ్ళనే నోటి దాకా తీసుకుపోయాడు. ఒక్క మెతుకు కూడా లేదు. నోరు మూసి నమిలాడు. మింగినట్టు గొంతు కదిలించాడు.

బంతి మొదలైంది. అందరూ తినడానికి వంగారు. అది ఉత్త ముద్ద అని చూసింది అక్కా నేనూ. నేనూ తిన్నాను. వడ్డించే అబ్బాయి అప్పళం కావాలా అంటే తలూపి వేయించుకున్నాను కూడా. బావ ఆకు మీద చెయ్యి పెట్టుకొని, మేం తిని లేచేదాకా నములుతూనే ఉన్నాడు.

తర్వాత వంటవాళ్ళు సామాన్లు పెట్టుకున్న గదిలో, తలుపు దగ్గరగా వేసి అక్క ఆయనకు తినిపించింది. నేను గడప దగ్గర నిలబడ్డాను. ఏడుపంతా కోపంగా బయటికొచ్చింది. నా తీరే అంత.

"అన్ని ఆదివారాలు నేను పెడతా ఉంటే ఒద్దని ఒక్క మాట సెప్పకూడదా బావా? నీ చెయ్యి గదా పోయింది?"

బావ నోట్లోది మింగి, నిదానంగా అన్నాడు.

"బావ గెలిచినాడని నువ్వు ఫోన్లో పెడతా ఉంటివి. అది సూసి మీ అక్క రోజంతా నవ్వు మొగంతో ఉండె పాపా. దాన్ని పోగొట్టేదానికి నాకు మనసు రాలా."

అక్క ముద్ద కలుపుతూ తల వంచుకుంది. నేను అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాను.

మర్నాడే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, అబద్ధం చెప్పానని చెప్పాను. ఆమె నన్నొక్క మాట అనలేదు. వచ్చి బావ వేళ్ళు వంచి చూసి, కొత్తలో చెయ్యి నేర్చుకున్నట్టు ఆలస్యమయ్యాక నేర్చుకోదమ్మా, అయినా చేద్దాం అంది. తిట్టినా బాగుండేది.

ఇప్పటికీ ఆదివారాలు ఆడుతున్నాం. బావ బిళ్ళ బావే ఎత్తాలి. కొన్ని వారాలు రెండు మూడు లేస్తాయి, కొన్ని వారాలు ఒక్కటీ లేవదు. ఆయన వేళ్ళు జారినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. అందుకని దాన్ని తొడ కింద అదిమిపెట్టి కూర్చుంటాను. లెక్క మాత్రం అక్క రాస్తుంది. పోయిన వారం ఆయన ఎర్ర గొడుగును గాలిలోకి లేపి, బల్ల మీద అనుకున్న చోటే దించాడు. అక్క, నేను చప్పట్లు కొట్టాం. బావ కూడా నవ్వాడు. కానీ సత్రంలో ఆ రోజు తర్వాత ఆయన మళ్ళీ ఏ బంతిలోనూ కూర్చోలేదు.