పత్తిగింజ వివరణ

ఆ శనివారం స్త్రీల కూటంలో నేను చెప్పిన మాట నాది కాదు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే నేను ఆ ఒక్క పేజీ ఖాళీగా వదిలేశాను.

పెద్దపల్లి దగ్గర మా ఊరి మందిరంలో వాక్యం చదివే పని నాది. నలుగురిలో నోరు విప్పని దాన్నే అయినా, బైబిలు చేతిలో ఉంటే గొంతు వణికేది కాదు. నాకంటూ ఉన్నది ఆ ఒక్క చోటు. అన్న పెళ్లి చేసుకుని, నెల తిరక్కుండానే దుబాయి వెళ్లిపోయాడు. వదిన మాతో ఉండిపోయింది. పత్తి పండే ఆదిలాబాద్ నుంచి ఆమె లావుపాటి స్టడీ బైబిలు తెచ్చుకుంది. ప్రతి పేజీలో కింద సగం దాకా సన్నటి అక్షరాల వివరణలు, అంచుల్లో ఆమె పెన్సిలు రాత. నేను చదవడం ముగించగానే తలలన్నీ ఆమె వైపు తిరిగేవి. "దీని అర్థమేంది బిడ్డా?" అని ఆమెనే అడిగేవారు. ఆమె చెప్పేది నిజంగానే బాగుండేది. అదే నాకు మంట. ఇంటికొచ్చి ఆమె మాటలు డైరీలో రాసుకునేదాన్ని, రాశాక కొట్టేసేదాన్ని.

ఆ వారం అధ్యాయం కష్టమైనది. కవల అన్నదమ్ములు ఇంకా పుట్టకముందే దేవుడు చిన్నవాణ్ణి ఏర్పరచుకుని, పెద్దవాణ్ణి పక్కన పెట్టాడు. వాడేం చేశాడని? శుక్రవారం వదిన బట్టలు ఉతుకుతుంటే ఆమె బైబిలు తెరిచాను. అచ్చు వివరణ నాకు ఎక్కలేదు. పక్కన పెన్సిలుతో ఉంది: పత్తి జిన్నింగు మిల్లులో దూది ఒక దిక్కు, గింజ ఒక దిక్కు పడతాయి. అందరూ దూదినే చూస్తారు. అలాగని గింజను ఎవరు పారేస్తారు?

కంఠస్థం చేశాను.

మరునాడు చదవడం కాగానే, ఒక్క తలా అటు తిరగకముందే చెప్పేశాను. "ఆమెన్" అన్నారు. పాస్టరమ్మ కళ్లద్దాలు తీసి మరీ నన్ను చూసింది. ఆ ఒక్క నిమిషం నేనే దూదిని.

వెనక నుంచి ఒక ముసలమ్మ అంది: "మంచిగ చెప్పినవ్ గని, మనది వరి నాట్లేసే ఊరాయె. గా మిల్లు నువ్వెప్పుడు చూసినవే?"

అందరూ నవ్వారు.

"పెండ్లికొచ్చినప్పుడు మా బాపు తీస్కపోయి చూపెట్టిండు," అంది వదిన.

ఆ పెళ్లిలో నేను చర్చీ, భోజనాల టెంటు తప్ప ఏమీ చూడలేదు. మందిరంలో కూర్చుని నా కోసం అబద్ధమాడింది. నన్ను కాపాడటం కూడా ఆమెకే చేతనయింది. సిగ్గుపడాల్సింది పోయి, ఇంకా కుళ్లుకున్నాను.

ఇద్దరం ఇంటికొచ్చాం. వాకిట్లో చెప్పులు విడుస్తూ, నా ముఖం చూడకుండానే వదిన అంది:

"వచ్చే శనివారం అధ్యాయానికి నేనేం రాసుకోలే పిల్లా. జర నువ్వే సోంచాయించి చెప్పు."