కానుగ కింద ఏసుమణి

మా వీధి మొగలో, చక్కెర ఫ్యాక్టరీ రోడ్డు మీద, కానుగ చెట్టు కింద ఏసుమణి ఇస్త్రీ బండి ఉండేది. చోడవరం జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పడానికి వచ్చి నేను ఇక్కడ ఇల్లు అద్దెకి తీసుకున్నప్పుడు, ఇంటావిడ రాజ్యం గారు ఫోన్లో చెప్పిన గుర్తు ఆ బండే. "ఏసుమణి బండి దగ్గర దిగిపోండి. ఎదురుగుండా మేడ మనదే" అన్నారు. ఆటో అతనికి అంతకు మించి ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఏసుమణికి యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. బొగ్గుల పెట్టె తోసీ తోసీ కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. రోలుగుంట దగ్గర ఒక పల్లెలో పుట్టింది. తల్లీ తండ్రీ చెరుకు నరకడానికి కూలికి వెళ్ళేవాళ్ళు. చిన్నతనంలోనే ఎవరో పాస్టరు గారు చెప్పారని ఒక మిషన్ హాస్టలుకి పంపించారు. ఇస్త్రీ అక్కడే నేర్చుకుంది.

"సదువుకోడానికి పంపేరనుకున్నాను టీచరమ్మా. ఎల్లేక తెలిసింది, దుప్పట్లకి పంపేరని" అని నవ్వుతూ చెప్పేది. హాస్టల్లో చదివే పిల్లల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టడం ఆవిడ పని.

కృపారావుని చేసుకుని చోడవరం వచ్చింది. ఆయన చెరుకు ట్రాక్టరు నడిపేవాడు. నడుం పడిపోయాక ఇంటి దగ్గరే ఉంటున్నాడు. కూతురు మిరియం విశాఖపట్నంలో నర్సింగు చదువుతోంది. ఆ ఇల్లు నడిచేది ఈ బండి మీదే.

బండికి ఇది మూడో చెట్టు. మొదట బస్టాండు దగ్గర తురాయి చెట్టు కింద పెట్టింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది పోయింది. తర్వాత బ్యాంకు పక్కన నిద్రగన్నేరు కిందికి వచ్చింది. తీగలకి అడ్డమని దాన్ని కరెంటువాళ్ళు కొట్టేశారు. "మీరు అద్దిళ్ళు మారినట్టు నేను చెట్లు మారేను" అనేది.

నిద్రగన్నేరు పోయిన వేసవిలో మాత్రం ఎక్కడికీ మారలేదట. బట్టలిచ్చే ఖాతాలన్నీ అక్కడే కదా అని బండికి గొడుగు కట్టుకుని ఎండలోనే నిలబడింది. ఒక మధ్యాహ్నం కళ్ళు తిరిగి పడిపోయింది. పడుతూ పడుతూ పెట్టె మీద చెయ్యి వేసింది. మోచేతి కింద చర్మం ఇప్పటికీ ముడతపడి తెల్లగా మెరుస్తూ ఉంటుంది. ఇంకోసారి ఎండలో నిప్పు ముందు నిలబడితే బతకవని డాక్టరు గట్టిగానే చెప్పాడు. అప్పుడే కానుగ కిందికి వచ్చింది. అది మంచి గుబురు చెట్టు. నడి వేసవిలో కూడా దాని కింద చిరునీడ కాదు, చీకటి లాంటి నీడ ఉండేది.

నాకు నాలుగేళ్ళ పాప, చిన్నారి. మబ్బు పట్టినా, దుమ్ము లేచినా దానికి పిల్లికూతలు మొదలవుతాయి. రాత్రిళ్ళు నెబ్యులైజరు పెట్టాలి. దానికి కరెంటు కావాలి. ఏప్రిల్లో గాలివాన వస్తే ఆ కానుగ కొమ్మే తీగ మీద పడి కరెంటు పోయేది. పాప గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి లెక్కపెడుతూ ఎన్నోసార్లు కూర్చున్నాను. అందుకని కరెంటువాళ్ళు కొమ్మలు కొట్టిస్తారని తెలిసినప్పుడు నిజానికి నాకు ఊరటే కలిగింది.

తీరా వాళ్ళు మొదలుపెట్టాక చూస్తే అది కొమ్మలు కొట్టడంలా లేదు. కాంట్రాక్టరు మనుషులు ఫ్యాక్టరీ వైపు నుంచి ఒక్కొక్క చెట్టునీ మనిషెత్తున మోడు మిగిల్చి వస్తున్నారు. తీగకి అంత దూరంలో ఉన్న బాదం చెట్టుని కూడా వదల్లేదు. అడిగితే, "ఏటా రాకుండా ఒకేసారి అయిపోతది" అన్నారు. నేనూ, రాజ్యం గారూ, ఫ్యాక్టరీలో రిటైరైన గౌరీశంకర్ గారూ కలిసి కరెంటాఫీసుకి వెళ్ళాం. తీగకి తగిలే మేరకే కొట్టమని, మిగతాది ఉంచితే చెట్టు బతుకుతుందని నేను బొమ్మ గీసి మరీ చెప్పాను. అక్కడున్న ఇంజనీరు అలసిపోయిన మనిషి. మేం చెప్పిందంతా విన్నాడు. కాంట్రాక్టరుతో మాట్లాడతానన్నాడు. మేం మెట్లు దిగుతుండగానే లోపల ఇంకొకరికి అదే మాట చెప్పడం వినిపించింది.

శనివారం సాయంత్రానికి ఫోన్లో మెసేజీ వచ్చింది. ఆదివారం మా లైనుకి కరెంటు ఆపుతున్నారు. అంటే చెట్లు కొట్టేది మా వీధిలోనే. అందరం కానుగ కింద చేరాం. ఏసుమణి ఆదివారం బండి తియ్యదు, చర్చికి వెళ్తుంది. అందుకని శనివారం పని ఎక్కువ. మా మాటలు వింటూనే తెల్లచీరలు మడత పెడుతోంది.

"పసుపు పూసీద్దాం" అన్నారు గౌరీశంకర్ గారు ఉన్నట్టుండి.

"కానుగ చెట్టుకి అమ్మోరేటండీ? ఏపచెట్టంటే అర్థం ఉంది" అన్నారు రాజ్యం గారు.

"నువ్వు చెట్టు చూస్తావమ్మా. కోసేవాడు పసుపే చూస్తాడు."

"టీచరమ్మగారికి తెలుస్తాది కదా, ఇది ఏపా కానుగా అని."

"టీచరమ్మగారు రేపొక్కరోజు పాఠం చెప్పకుండా ఊరుకుంటారు" అన్నారాయన. అందరం నవ్వాం. చాలా రోజుల తర్వాత అక్కడ నవ్వు వినబడింది.

గౌరీశంకర్ గారు బండి వైపు తిరిగారు. "ఏసుమణీ, నీకేమన్నా పట్టింపా?"

"చెట్టు నాదేటి బాబూ, పట్టింపుకి? మీరు పూసుకోండి. నన్ను మాత్రం పూయమనకండి."

"పూయక్కర్లేదులే. రేపు వాళ్ళు అడిగితే, అమ్మోరు ఎప్పట్నుంచో ఉందని ఒక్క ముక్క చెప్పు చాలు. నీ కోసమే కదా ఇంత తిప్పలు."

ఏసుమణి పెట్టె మూత తీసి బూడిద దులిపింది. రాజ్యం గారింట్లోంచి గిన్నెడు పసుపు వచ్చింది. మాను చుట్టూ పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఒక ఎర్ర జాకెట్టు ముక్క కట్టారు.

పొద్దున్నే లారీ వచ్చింది. ఏసుమణి తెల్లచీర కట్టుకుని, సంచిలో బైబిలు పెట్టుకుని చర్చికని బయల్దేరిన మనిషి, చెట్టు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. బండి కడ్డీ పట్టుకుని నిలబడింది. కాంట్రాక్టరు మేస్త్రీ దిగి చెట్టుని చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"మొన్న లైను సూడ్డానికి వచ్చినప్పుడు లేదు ఈ పసుపు."

"నీకు కనబడలేదేమో బాబూ. అమ్మోరు అందరికీ కనబడుద్దేటి?" అన్నారు రాజ్యం గారు.

"కనబడ్డం మాట అటుంచమ్మా, ఇంకా తడారలేదు" అని వేలితో మాను రాసి, పచ్చటి వేలు పైకెత్తి చూపించాడు. అతని కుర్రాళ్ళు నవ్వారు. అతను ఏసుమణిని చూశాడు. "బండి నీదేనా అమ్మా? సర్సికెళ్ళే మనిషిలాగున్నావు. నువ్వు సెప్పు. ఈ అమ్మోరు ఎప్పట్నుంచి ఉంది?"

మేమందరం ఆవిడ మొహమే చూస్తున్నాం. ఒక్క ముక్క చెబితే చెట్టు దక్కుతుంది. ఆ సంగతి అక్కడ అందరికంటే ఎక్కువ తెలిసింది ఆవిడకే. మోచేతి కింద మచ్చని రెండో చేత్తో రుద్దుకుంటోంది.

"నిన్న సాయంత్రం బాబూ" అంది.

రాజ్యం గారు నెత్తి కొట్టుకున్నారు. గౌరీశంకర్ గారు "ఏసుమణీ!" అని కేకేశారు.

"మరి అడిగేడు కదా బాబూ" అంది ఆవిడ.

మేస్త్రీ పెద్దగా నవ్వాడు. "ఇన్నావేటి సత్యారావూ? ఎక్కు."

రంపం పట్టుకున్న సత్యారావు ఎక్కలేదు. రంపాన్ని లారీ మీదే పెట్టేశాడు.

"నేనెక్కను."

"ఒరే, నిన్న పూసేరని సెప్తంది కదరా!"

"ఎప్పుడు పూసినా పూసేరు కదా. నిన్న పూసేరనీసి అమ్మోరు ఊరుకుంటదేటి? నాకు ఇంట్లో పసిగుంటలున్నారు. నువ్వెక్కు."

మిగతావాళ్ళూ కదల్లేదు. మేస్త్రీ చెట్టుని కింద నుంచి పై దాకా చూశాడు. పచ్చటి వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు. అతనూ ఎక్కలేదు. చివరికి పొడవాటి గెడకి కత్తి కట్టి, తీగ మీదకి వాలిన కొమ్మ ఒక్కటి దించుకుని వెళ్ళిపోయారు. మేం ఆఫీసులో అడిగింది ఆ ఒక్క కొమ్మే.

"నిజం సెప్పీసి కూడా గెలిపించేసేవే!" అని రాజ్యం గారు ఏసుమణి వీపు మీద చరిచారు. ఆవిడ చెట్టు మొదట్లో కూలబడి మంచినీళ్ళు అడిగింది. అప్పటికి చర్చి అయిపోయే వేళయింది.

మేస్త్రీ మళ్ళీ వస్తాడన్న భయం అందరికీ ఉంది. అందుకని శుక్రవారం నాడు రాజ్యం గారు పాత పసుపు మీద కొత్త పసుపు పూశారు, దీపం కూడా పెట్టారు. "పూసీసి ఒగ్గేస్తే తప్పు కదండీ" అన్నారు నాతో. తర్వాతి వారం ఎవరో మొదట్లో ఒక రాయి నిలబెట్టారు. ఎవరు పెట్టారో తెలీదు. అటు వెళ్ళే లారీలవాళ్ళు బండి ఆపి కొబ్బరికాయ కొట్టడం మొదలుపెట్టారు. పాపకి వరసగా పది రోజులు ఆయాసం రాకపోతే నేనూ వెళ్ళి ఒకటి కొట్టాను. ఆషాఢం నాటికి పక్క వీధుల ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి పోస్తున్నారు. చెట్టు కొత్త చిగుళ్ళు వేసింది. కరెంటువాళ్ళు ఆ వైపు తిరిగి చూడలేదు.

శ్రావణంలో ఎవరో సిమెంటు ఇచ్చారు, గద్దె కట్టిద్దామన్నారు. గద్దె చెట్టు చుట్టూ రావాలి. ఏసుమణి బండి ఉన్నది అక్కడే.

ఆ మాట చెప్పడానికి గౌరీశంకర్ గారికి నోరు రాలేదు. రెండు రోజులు బండి దాకా వచ్చి, శ్రావణంలోనూ తగ్గని ఎండల గురించి మాట్లాడి వెళ్ళిపోయారు. చివరికి రాజ్యం గారే చెప్పారు.

"కొంచెం ఇటు జరుపుకుంటావా ఏసుమణీ? సెప్పుల్తో నిలబడతారు నీ దగ్గరికి వచ్చినోళ్ళు. అందరి బట్టలూ అక్కడుంటాయి. అమ్మోరు పక్కన బాగోదు కదా."

"ఉతికిన బట్టలే కదమ్మా."

"ఉతికినవే అనుకో. నేనంటన్నానేటి? వచ్చేవాళ్ళు అంటన్నారు."

"ఎటు జరపమంటారు?"

రాజ్యం గారు ఫ్యాక్టరీ రోడ్డు అవతలికి చూపించారు. అక్కడ బాదం మోడూ, కరెంటు స్తంభమూ తప్ప ఏమీ లేవు.

మరునాడు పొద్దున్న వీధిలో మగవాళ్ళందరూ వచ్చి బండి తోశారు. చక్రాలు అన్నేళ్ళూ నేలలో దిగబడిపోయి కదల్లేదు. గడ్డపారతో మట్టి తవ్వారు. గౌరీశంకర్ గారు ఆ వయసులో చొక్కా విప్పి తోశారు. కొత్త చోట చక్రాల కింద రాళ్ళు పెట్టారు. కొత్త గొడుగు కొనిచ్చారు. రాజ్యం గారు అందరికీ టీ తెచ్చారు. ఏసుమణి కూడా ఒక గ్లాసు అందుకుని, "మీకు శ్రమయింది బాబూ" అంది.

మా ఇంటి కింద పోర్టికోలో బండి పెట్టనివ్వమని రాజ్యం గారిని అడుగుదామనుకున్నాను. తర్వాత బొగ్గు పొగ గుర్తొచ్చింది. పైన పాప పడుకునే గది కిటికీ సరిగ్గా పోర్టికో మీదకే ఉంటుంది. అడగలేదు.

ఏసుమణి రోడ్డు అవతల పగలంతా నిలబడటం నెల తిరక్కుండానే మానేసింది. పడిపోలేదు. పడిపోయేలా ఉందని తనకే తెలిసి ఒక మధ్యాహ్నం నిప్పులు ఆర్పేసి ఇంటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు తెల్లవారుజామునే వచ్చి, ఎండ రోడ్డు దాటే లోపల అయినన్ని చేస్తుంది. ఫ్యాక్టరీ బాబుల బట్టలు కొత్తగా పెట్టిన ఇస్త్రీ షాపుకి పోతున్నాయి. మా ఇల్లూ, ఇంకో నాలుగిళ్ళూ మిగిలాయి. మిరియం ఆఖరి ఏడాది ఫీజు ఎలా కడతారో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మొన్న బట్టల మూట కోసం మా మెట్లెక్కి వచ్చింది. పై మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. అక్కణ్ణుంచి చూస్తే గద్దె కనబడుతుంది. నీడలో ఎవరో పిల్లని ఒళ్ళో వేసుకుని పడుకోబెడుతున్నారు.

"మీరు ఒకసారి గట్టిగా అడగండి" అన్నాను. "గద్దె వెనక పక్క జాగా ఉంది. అప్పుడు కరెంటాఫీసుకి వెళ్ళినట్టే అందరం వస్తాం."

"ఎవర్ని అడగమంటావు టీచరమ్మా? కరెంటోళ్ళయితే నిలబడి అడగొచ్చు. వీళ్ళు నాకోసమే కదా చేసేరు."

లోపల చిన్నారి దగ్గింది. నేను లేచాను. ఏసుమణి కూడా లేచి చెవి ఒగ్గి విని, "పొడి దగ్గేలే, ఆయాసం కాదు" అంది. మూట నడుం మీదకి ఎత్తుకుంది.

"రేపు ఎండెక్కకముందే ఇచ్చేస్తాను" అని మెట్లు దిగింది.