ఎర్ర రంగు కింద పేరు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ గోడలు తెల్లగా ఉన్న రోజులు తక్కువ. పండుగకు సున్నం వేస్తే నెల తిరక్కముందే బొగ్గు దుమ్ము పట్టేది. చెక్కుచెదరనిది మా నాయన డ్యూటీ బట్టల రేకు పెట్టె మూత మీద పేరొక్కటే. పక్కింటి పెయింటర్ కాక తెల్ల ఎనామిల్ రంగుతో దిట్టంగా రాశాడు.

ఒకనాడు బొగ్గు బాయిలో పైకప్పు కూలి నాయన పోయాడు. ఆ నౌకరి ఆయన తమ్ముడైన మా చిన్నాయనకు వచ్చింది. పెట్టె కూడా.

"సచ్చినోని పేరున్న పెట్టెల బట్టలు తొడుక్కొని బాయిల దిగుతడా? ఒక్కణ్ని మింగింది సాలదా? గీకెయ్యి," అని నాయన తల్లి, మా అవ్వ, కాకను పిలిచి చెప్పింది.

నేను పెట్టె మీద బోర్లా పడ్డాను. చదువు రాదు, కానీ నాయనది అదొక్కటే మిగిలిందని తెలుసు. కాక నన్ను లేపలేదు. "జెర చాయ పెట్టు అవ్వ. ఈ పోరి కన్నీళ్లకు నా రంగు పల్చనైతది," అన్నాడు. అవ్వ లోపలికి పోగానే గొంతు తగ్గించాడు.

"సున్నం వానకు పోతది. డిస్టెంపర్ తడిబట్టకు పోతది. ఎనామిల్ గీకితేనే పోతది బిడ్డా. నేను గీక. మీదకెల్లి రంగేస్త. ఎవ్వలకు చెప్పకు."

మూలల్లో తుప్పు మాత్రం గీకి, ఆ పొడి అవ్వకు కనబడేలా గచ్చు మీద వదిలాడు. పెట్టెకంతా ఎర్ర రెడాక్సైడ్ రంగు పూశాడు. చిన్నాయన పేరు మూత మీద కాకుండా ముందు పక్కన రాశాడు.

"గీకినవా?"

"గీకిన అవ్వ. పొడి జూడు."

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. అవ్వ మాటే నిజమైతే చిన్నాయనను చంపింది నేనే అవుతాను. ఆయన షిఫ్టు నుంచి వచ్చేదాకా ముద్ద దిగేది కాదు. చెప్పేద్దామని అవ్వ దాకా పోయి, ఎన్నోసార్లు తిరిగొచ్చాను. ఆయన బాయికి పోయాక మూత తడిమేదాన్ని. రంగు కింద అక్షరాలు ఉబ్బుగా వేలికి తగిలేవి.

చిన్నాయనను బాయి మింగలేదు. రిటైరయ్యాక దమ్ము రోగంతో మంచంలోనే పోయాడు. పెట్టె నాకొచ్చింది.

అరవై దాటాక పెద్దల బడిలో కూర్చున్నాను. పంతులమ్మ బోర్డు మీద 'మ' రాస్తుంటే, ఒళ్లో నా వేలు ముందే ఆ వంపు తిరిగింది. నాయన పేరులో మొదటి అక్షరం అది.

ఇప్పుడు పెట్టెకు తుప్పు పట్టింది. మనవలు శుభ్రంగా గీకి కొత్త రంగు వేస్తామంటారు.

"గీకద్దు బిడ్డా," అంటాను. "మీదకెల్లి వెయ్యున్రి."