శుక్రవారం కడిగిన గ్రైండరు

మొన్న శుక్రవారం పొద్దున గ్రైండరు స్విచ్చి వేయగానే టప్పుమని ఇల్లంతా కరెంటు పోయింది. మా కోడలు తలుపు వెనకున్న కరెంటు పెట్టె తెరిచి, కిందికి పడిపోయిన చిన్న మీటను వేలితో పైకి నెట్టి, ఫ్యాను తిరగడం చూసి, చెప్పులు వేసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయింది. నేను మళ్ళీ స్విచ్చి వేస్తే మళ్ళీ పడింది. మూడోసారి వేసే ధైర్యం లేక, నానిన పప్పు గిన్నె ముందు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మీలో నా ఈడు వాళ్ళకు ఆ చప్పుడంటే ఎందుకు భయమో విడమరచి చెప్పక్కర్లేదు.

ఇన్నాళ్ళూ ఆ గ్రైండరు కోడలి చేతిలో ఒక్కనాడూ పేచీ పెట్టలేదు. ఈ నెలలో ఆమె డ్యూటీ వేళలు మారి వంటిల్లు నాకు అప్పజెప్పింది, ఆ వారంలోనే ఈ గోల మొదలైంది. గ్రైండర్లకు నేనంటే గిట్టదని నాకు పన్నెండేళ్ళప్పుడే తెలుసు.

అప్పట్లో మేడ్చల్ స్టేషను దారిలో, మా ఇంటి ముందుగదిలో అమ్మ టిఫిన్లు చేసేది. డిపోలో డ్యూటీ దిగి వచ్చేవాళ్ళు, రైలు తప్పిపోయి ఉసూరుమంటూ వచ్చేవాళ్ళు ఆమె దోశల కోసమే మా బల్లల మీద కూర్చునేవారు. అంత పిండీ రోట్లో రుబ్బి రుబ్బి ఆమె కుడి భుజం పట్టేసింది. ఇంకా పొత్రం తిప్పితే ఈ చెయ్యి ఇక పైకి లేవదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. కట్టెల అడితిలో పనిచేసే మా నాయిన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అది విని, మరుసటి ఆదివారం పట్నం పోయి బస్సు మీద వేయించుకుని ఒక గ్రైండరు తెచ్చాడు. పైన రాతి డ్రమ్ము, కింద మోటరు. అమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మా ఇంట్లో శుక్రవారం రోలు కడిగి బొట్టు పెట్టందే పొయ్యి ముట్టించేవారు కాదు. రోలు స్థానంలోకి గ్రైండరు వచ్చింది గనుక ఆ మర్యాద దానికీ దక్కింది. బిందె ఎత్తలేని అమ్మ పక్కన నిలబడి చెబుతూ ఉంటే, నేను బిందెడు నీళ్ళు దాని మీద కుమ్మరించి, కొబ్బరి పీచుతో తోమి, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేదాన్ని. ఆ పని నాకు ఎంత గర్వంగా ఉండేదో!

మొదటి నాలుగు రోజులూ బుద్ధిగా తిరిగిన ఆ గ్రైండరు సరిగ్గా శుక్రవారం మధ్యాహ్నం ఫ్యూజు కొట్టేసింది. నాయిన స్టూలెక్కి, పింగాణీ ఫ్యూజు ఊడదీసి, కాలిపోయిన తీగ గీకి, కొత్త పోగు చుట్టి పెట్టాడు. వేస్తే పోయింది. మళ్ళీ చుట్టాడు, మళ్ళీ పోయింది. ఆదివారానికి దానంతటదే బాగైంది, ఆ పై శుక్రవారం మళ్ళీ మొదటికొచ్చింది. బజారులో మోటార్లు బాగుచేసే ఆయన దగ్గరికి రిక్షాలో వేసుకుపోతే, రెండు రోజులు ఉంచుకుని, విప్పి, బిగించి, మా కళ్ళ ముందే గిరగిరా తిప్పి చూపించి, దీనికి ఏ రోగమూ లేదు, రోగం మీ ఇంటికే ఉందని చెప్పి పంపాడు. ఇంటికి తెచ్చాక, బయట తిరిగి వచ్చింది గదా అని అమ్మ మళ్ళీ కడిగించింది. మళ్ళీ పోయింది.

ఇక శుక్రవారం లక్ష్మికి ఏదో లోటు చేస్తున్నామని అమ్మకు గట్టిగా పట్టుకుంది. మంగళవారం కూడా కడిగి దిష్టి తీయడం మొదలుపెట్టాం. ఒక బిందె చాలదని రెండు బిందెలు పోశాను. ఫ్యూజు వారానికి నాలుగు రోజులు పోయేది. ఆ నాలుగు రోజులూ అమ్మ రోటి ముందు కూర్చుని ఎడమచేత్తో పొత్రం తిప్పుతుంటే, నాయిన స్టూలు మీదే కూర్చుని ఆ తీగముక్క కేసి చూసేవాడు. అంత పెద్ద మనిషి అంత నిస్సహాయంగా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ సంగతి తెలిసి దేవరయాంజాల్ నుంచి మా మేనమామ వచ్చాడు. ఆయనకు బావి మోటరు ఉంది, కరెంటంటే లెక్కలేదు. సంచిలోంచి లావుపాటి తీగ తీసి, మూడు పేటలు మెలేసి ఫ్యూజుకు కట్టాడు.

"మా మోటరుకు గిదే ఏస్త అక్కా. ఇగ ఎట్ల పోతదో నేను జూస్త."

పోలేదు. డ్రమ్ము తిరిగింది, అందరం నవ్వాం. పిండి లోపలికి తోద్దామని అమ్మ చెయ్యి పెట్టింది. కరెంటు కొట్టి విసిరేసినట్టు వెనక్కి, అప్పటికే పట్టేసిన ఆ కుడి భుజం మీదే పడిపోయింది. నాయిన స్విచ్చి తీసేసి ఆమెను లేపుతూ ఏడ్చేశాడు. అమ్మే ఆయనను ఊరుకోబెట్టింది.

"దాన్ని ఇంక పరేషాన్ జెయ్యకుండ్రి. నా రోలు నాకున్నది."

గ్రైండరు మూలకు చేరింది. ఆ కుడిచెయ్యి మళ్ళీ ఏనాడూ భుజం దాటి లేవలేదు. అప్పటిదాకా రోజూ నాకు జడ వేసేది అమ్మే, ఆ తర్వాత నేనే వేసుకోవడం నేర్చుకున్నాను.

ఇదంతా తలుచుకుంటూ ఉండగానే నేను ఫోనులో చెబితే కోడలు పంపిన మెకానిక్కు వచ్చాడు. సూరారంలో ఫ్యాక్టరీ పని మానుకుని రిపేర్లు చేసుకునే నడివయసు మనిషి. గ్రైండరును పక్కకు వంచాడు. కిందినుంచి సన్నగా నీళ్ళు కారాయి, పసుపు రంగు నీళ్ళు.

"దీన్ని కడుగుతున్నరా అమ్మా?"

శుక్రవారం కదా, పొద్దున్నే నీళ్ళు పోసి కడిగి పసుపు రాశానని చెప్పాను. ఆయన నవ్వలేదు, చాలా మెల్లగా చెప్పాడు.

"గిన్నె తీసి కడుగుండ్రి. మోటరు లోపటికి నీళ్ళు పోతే ఫ్యూజు పోక ఏమైతది? రెండు దినాలు ఆరనియ్యుండ్రి, అదే తిరుగుతది."

ఆయన వెళ్ళిపోయాక నేల మీది పసుపు నీళ్ళను గుడ్డతో తుడిచాను. బజారులో అది ఎందుకు తిరిగిందో, ఆదివారానికి ఎందుకు బాగయ్యేదో, ఇన్నేళ్ళకు ఒక్క మాటతో తెలిసిపోయింది. ఇప్పుడు కరెంటే మనిషిని చూసుకుంటోంది, తప్పు జరిగితే మీట తనంతట తాను పడిపోతుంది. అప్పుడు మామ కట్టిన లావు తీగ పోలేదు, పడిపోయింది అమ్మ. బిందె పట్టుకున్నది నేను. ఎవరికి చెప్పుకోను, నాయినా లేడు, మామా లేడు, అమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

సాయంత్రం కోడలు వచ్చి నా తల చెదిరి ఉండటం చూసి, దువ్వెన తెచ్చి వెనకాల కూర్చుంది. ఆమె చేతులు నా తల మీదికి ఎంత తేలిగ్గా లేచాయో తెలుస్తూనే ఉంది. ఎందుకు ఏడుస్తున్నారని అడిగితే, చిక్కు లాగిందని చెప్పాను.