తవిటయ్య కాలిమచ్చ

రాయపూర్‌లో ఒక కాలేజీ ప్రయోగశాలలో గాజుపళ్లాలు కడిగే తవిటయ్యకి, మోకాలి కింది మచ్చ తడుముకోవడం అలవాటు. చిన్నప్పుడు అక్కడ గొడ్డలి దిగితే వాళ్లమ్మ గాయపాకు నమిలి కట్టింది. ఆ సంగతి విని లెక్చరరు రామమూర్తిగారు ఆ ఆకునే నూరి, రసం తీసి, క్రిములు పెంచిన పళ్లెంలో వేశారు. ఒక్క క్రిమీ చావలేదు.

"తమరు నమల్నేదు గదా బాబూ," అన్నాడు తవిటయ్య.

ఆయన నవ్వి, అతనిచేత ఇంకో పళ్లెంలో ఉమ్మించారు. రెండు రోజులు వెచ్చగా ఉంచితే పళ్లెమంతా చుక్కలు చుక్కలుగా నిండిపోయింది.

"అరె, చూశావా? ఎంగిలంతా క్రిములే!"

తవిటయ్య పళ్లెం చూశాడు. పంచె ఎత్తి మచ్చ చూశాడు.

"మరైతే ఇదెలాగ మానిపోనాది బాబూ?"

రామమూర్తిగారు కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. 

ఆ సాయంత్రం తవిటయ్య పళ్లాలన్నీ కడిగి, రెండుసార్లు నోరు పుక్కిలించాడు. మచ్చ మీదికి వెళ్తున్న చెయ్యి మధ్యలోనే ఆగింది.