యూరియా వాసన

గేమ్యాకు ఒకటే ఆశ: బట్టీ పని మానేసి, భార్య చాందీతో కలిసి తమ ఎకరం వరి మీద బతకాలని. పాలకీడు దగ్గర మా ఊరి పక్క తండా వాళ్లది. మిర్యాలగూడ అవతల ఒక రేకుల షెడ్డులో అతని పని. అల్యూమినియం కరిగించినప్పుడు పైన తేలే మురికి తెట్టు, అంటే చిట్టెం, అక్కడికి లారీల్లో వస్తుంది. బట్టీలో కాగి నీళ్లలా మారిన ఉప్పులో దాన్ని వేస్తే, మురికిని ఉప్పు పట్టుకుంటుంది, లోహం అడుగున చేరుతుంది. లోహం ఓనరుకు పోతుంది. మిగిలిన బూడిద గడ్డలు ఎవరికీ అక్కర్లేక షెడ్డు వెనక కుప్ప పడతాయి.

పోయిన వానకాలం యూరియా దొరకలేదు. చాందీ పొద్దున్నే ఎరువుల దుకాణం ముందు తన వంతుకు చెప్పులు లైన్లో పెట్టి, మధ్యాహ్నానికి ఉత్త చేతులతో తిరిగొచ్చేది. వరి పసుపు బారింది. ఒకరోజు వానకు ఆ కుప్ప తడిసి, గుప్పున యూరియా వాసన కొట్టింది.

"సార్, గీ బూడిద జర తీస్కపోనా?" అని ఓనరును అడిగాడు గేమ్యా.

"జర ఎందుకు, మొత్తం తీస్కపో."

మహా దానకర్ణుడు! అందులో ఏముందో ఒక్క ముక్క చెప్పలేదు.

"అండ్ల ఉప్పుంటదేమో," అంది చాందీ.

"గంత మంటకు ఉప్పు మిగుల్తదా? ఎప్పుడో కాలిపాయె," అన్నాడు గేమ్యా.

నవ్వకండి. యూరియాలో ఉండే నత్రజని ఆ బూడిదలోనూ కొంత ఉంది మరి; బస్తాలకు బస్తాలు చల్లిన వారానికి చేను నిజంగానే పచ్చబడింది. "ఈ పంట చేతికొస్తే ఇగ నువ్వు బట్టీకి పోవద్దు," అంది చాందీ. మిగిలిన బూడిదంతా గేమ్యా బోరు పక్కన పోసిపెట్టాడు.

తర్వాత ఆకుల కొనలు మాడాయి. మడిలో నీళ్లు ఇంకిన చోటల్లా తెల్లటి పొర తేలింది. చాందీ దాన్ని నాలుక మీద వేసుకుని ఉమ్మేసి, అక్కడే కూలబడి ఏడ్చింది. వానలకు ఆ కుప్ప కరిగి బోరు నీళ్లు కూడా ఉప్పనయ్యాయి.

మంచినీళ్లు పెట్టి చేనును ఏళ్ల తరబడి కడగాలన్నాడు వ్యవసాయ అధికారి. సాగర్ కాల్వ నీళ్లే సరిగా చేరని చివరి భూములకు మంచినీళ్లట!

గేమ్యా ఓనరు దగ్గరికి పోయాడని తెలిసి, కొట్లాటకే అనుకున్నాను.

"సార్, మా చాందీని గూడ పనిల పెట్టుకోండ్రి. చిట్టెం కొడ్తది," అన్నాడట.

"రేపటి సంది తోల్కరా. బూడిద మల్ల కుప్పయింది, తీస్కపోతవా?"

"ఏడ ఏసుకోను సార్? ఇగ మాకు భూమి లేదు."